స్క్రబ్ టైఫస్ తెచ్చే పురుగును 'నల్లి' అనవచ్చునా?

శ్రీకాకుళం తెలుగు టీచర్:

2025 చివరి నెలల్లో మన రాష్ట్రంలో స్క్రబ్ టైఫస్ జ్వరాల వార్తలు వరుసగా వచ్చినప్పుడు పత్రికల్లోనూ, టీవీల్లోనూ, ఊళ్ళలో పంచిన కరపత్రాల్లోనూ దాదాపు ఒకే మాట కనిపించింది. "నల్లిని పోలిన పురుగు కుట్టడం వల్ల ఈ వ్యాధి వస్తుంది" అన్నదే ఆ మాట. దీనివల్ల జనానికి మేలు కంటే కీడే ఎక్కువ జరిగిందని నా అభిప్రాయం. ఈ విషయాన్ని వైద్యం తెలిసినవారు, వ్యవసాయం చేసేవారు, భాష మీద శ్రద్ధ ఉన్నవారు కలిసి తేల్చుకోవాలని ఇక్కడ పెడుతున్నాను.

నాగావళి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఆ కరపత్రం చదివిన ఇళ్ళలో మంచాలు, పరుపులు ఎండలో వేశారు, నులక మంచాల సందుల్లో మరిగిన నీళ్ళు పోశారు, పురుగుమందు కొని గోడల మూలల్లో కొట్టారు. ఇదంతా శ్రద్ధగా చేసిన మా పక్కింటావిడ ఆ సాయంత్రమే కొడవలి పట్టుకొని చెరువు గట్టుకు గడ్డికి వెళ్ళింది. కాళ్ళకు ఏమీ లేవు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని తుప్పల మధ్య గొంతుక్కూర్చొని గడ్డి కోసి, మోపు నెత్తిన పెట్టుకొని వచ్చి, అదే చీరతో వంటింట్లోకి వెళ్ళింది. ఆమె అజాగ్రత్త మనిషి కాదు. నల్లి అనగానే మంచం గుర్తుకు రావడం తెలుగు తెలిసిన ఎవరికైనా సహజం కాబట్టి, కరపత్రం ఎక్కడికి పొమ్మందో అక్కడికే ఆమె వెళ్ళింది.

మన భాష ఈ చిన్న ప్రాణులకు పేర్లు పెట్టిన తీరును కాస్త నిదానంగా చూడండి. తలలో ఉన్నది పేను. వెంట్రుకకు అంటుకొని ఉన్న దాని గుడ్డు ఈపి, కొన్ని చోట్ల ఈరు. ఒంటి మీది బట్టల కుట్లలో దాక్కునేది చీరపేను. పొదిగే కోడి బుట్టలో చేయి పెడితే మోచేతి దాకా పాకేవి కోడిపేలు. పశువు చెవి లోపల, పొదుగు పక్కన గట్టిగా కరచుకొని ఉబ్బేది గోమారి, లేదా పిడుదు. మంచంలో, గోడ పగుళ్ళలో ఉండేది నల్లి. శాస్త్రవేత్త కాళ్ళు లెక్కపెట్టి వీటిని విడదీస్తాడు, మన పెద్దలు అవి కాపురం ఉండే చోటును బట్టి విడదీశారు. అందుకే పేరు వినగానే ఎక్కడ వెతకాలో, దేనితో తీయాలో తెలిసిపోతుంది. పేనుకు సన్నపళ్ళ దువ్వెన, చీరపేనుకు బట్టలు ఉడకబెట్టడం, నల్లికి మంచం విప్పి ఎండలో వేయడం.

ఇలాంటి పద్ధతి ఉన్న భాషలోకి కొత్త పురుగు వస్తే దానికీ కాపురం చూసే పేరు పెట్టాలి కదా! స్క్రబ్ టైఫస్ పురుగు తుప్పల్లో, గడ్డిలో ఉంటుంది. దానిని 'తుప్పపురుగు' అనో, మరో మాట కలిపో పిలవాలి. 'నల్లిని పోలిన' అన్న మాట మాత్రం కరపత్రాల నుంచి తీసేయాలి.

ఉద్దానం కొబ్బరి రైతు:

టీచరుగారికి నమస్కారం. మీరు చెప్పిన సంఘటన నిజమే అయి ఉంటుంది, అయితే నల్లి అంటే మంచంలోదే అన్న మాట పట్టణానికి సరిపోయినంతగా పొలానికి సరిపోదు. మా దగ్గర నల్లి అనే పేరు మంచాన్ని వదిలి చాలా కాలమైంది. వరి ఈనిక దశలో గింజ తాలుపోయి మచ్చలు పడితే అది కంకినల్లి. వంగ, బెండ ఆకుల అడుగున గూడు అల్లి ఆకును పాలిపోయేలా చేసేది ఎర్రనల్లి. మిరప ఆకును కిందికి ముడుచుకునేలా చేసేది తెల్లనల్లి. కొబ్బరి పిందె ముచ్చిక కింద చేరి రసం పీల్చి, ముక్కోణపు మచ్చతో మొదలుపెట్టి కాయ మొత్తాన్ని గోధుమరంగు బెరడులా చేసేది కొబ్బరినల్లి. 1998లో కేరళలో బయటపడిన ఈ నల్లి తరువాత మన తోటల దాకా వచ్చింది. దాని వల్ల కాయ ఎంత చిన్నదవుతుందో, పీచు తీయడం ఎంత కష్టమవుతుందో ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు.

ఇవన్నీ కంటికి ఆనీ ఆనని ప్రాణులు, కొబ్బరినల్లికి నాలుగే అయినా మిగతావాటికి ఎనిమిది కాళ్ళు. మామూలు పురుగుమందులు వీటి మీద సరిగా పనిచేయవు. నల్లికి వేరే మందు కావాలన్న జ్ఞానం మాకు ఈ పేరు వల్లనే వచ్చింది. దుకాణానికి వెళ్ళి "నల్లి మందు" అంటే దుకాణదారు గంధకం పొడి గాని, నల్లికే ప్రత్యేకించిన మందు గాని ఇస్తాడు. మా తాతల కాలంలో గజ్జికి గంధకం నూనెలో కలిపి పూసేవారు. గజ్జి పురుగు కూడా ఈ జాతిదే అని తెలిసినప్పుడు ఆ వైద్యం ఎందుకు పనిచేసిందో అర్థమైంది.

స్క్రబ్ టైఫస్ పురుగు ఈ ఎనిమిది కాళ్ళ కుటుంబానిదే అని చదివాను. అలాంటప్పుడు దానికి నల్లి అన్న పేరే న్యాయమైనది. మంచంలోని నల్లికి ఆరు కాళ్ళు. పొలం లెక్కన చూస్తే ఆ పేరు మీద హక్కు తక్కువగా ఉన్నది మంచం నల్లికే. తప్పు పేరులో లేదు, చదివేవారిలో ఏ వర్గాన్ని మనసులో పెట్టుకొని రాశారన్న దానిలో ఉంది.

విజయనగరం జిల్లా పల్లె వైద్యుడు:

ఇద్దరి వాదనలూ చదివాను. నేను రోగిని పరీక్షించే బల్ల దగ్గర నుంచి మాట్లాడతాను.

జ్వరంతో వచ్చినవారిని "ఏదైనా పురుగు కుట్టిందా" అని అడిగితే దాదాపు అందరూ లేదనే అంటారు. అబద్ధం చెప్పడం కాదది, వారికి నిజంగానే తెలియదు. ఈ పురుగు పిల్లదశలో మాత్రమే మనిషిని పట్టుకుంటుంది. ఆ పిల్ల మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. పట్టుకున్నప్పుడు నొప్పి ఉండదు. అది రక్తం తాగదు. చర్మంలోకి లాలాజలం వదిలి, కరిగిన కణజాలాన్ని పీల్చుకొని, కొన్ని రోజులకు తనంతట తానే రాలిపోతుంది. జ్వరం సాధారణంగా పది రోజుల తరువాత మొదలవుతుంది. అప్పటికి ఆ పురుగు ఒంటి మీద ఉండదు, గడ్డి కోసిన రోజు కూడా గుర్తుండదు.

మిగిలేది మచ్చ. సిగరెట్టుతో చురక పెట్టినట్టు మధ్యలో నల్లని పెచ్చు, చుట్టూ ఎర్రని అంచు, నొప్పి లేదు, దురద లేదు. అది ఉండే చోట్లు కూడా మనిషి తనకు తాను చూసుకోలేనివే. చంక, గజ్జ, మొలతాడు కింద నడుము, ఆడవారిలో రొమ్ము కింద మడత, చెవి వెనుక. మా దగ్గరకు ఆరు రోజుల జ్వరంతో వచ్చిన ఒక రైతు కూలీకి టైఫాయిడ్ అని బయట మందులు వాడారు, తగ్గలేదు. మొలతాడును కాస్త పైకి జరిపితే ఆ నల్లటి పెచ్చు కనిపించింది. రక్తం పరీక్షకు పంపి, ఫలితం వచ్చే దాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాము. రెండు రోజుల్లో జ్వరం దిగింది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. ఇవి ఖరీదైన మందులు కావు, దొరకనివి కావు. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. టీకా లేదు. మనిషి నుంచి మనిషికి అంటదు.

అందువల్ల నా మాట ఇది. పురుగు పేరు కోసం ఇంత తర్కం అక్కరలేదు. కరపత్రంలో పెద్ద అక్షరాలతో "జ్వరం ఉండి ఒంటి మీద నల్లటి పెచ్చు కనిపిస్తే వెంటనే రండి" అని రాస్తే చాలు. జ్వరానికి 'నల్లపెచ్చు జ్వరం' అని పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పెచ్చు అందరిలోనూ కనిపించదు. అది లేదని జ్వరాన్ని తేలికగా తీసుకోకూడదు.

బొబ్బిలి జంతుశాస్త్ర అధ్యాపకురాలు:

రైతుగారు చెప్పినది చాలావరకు సరైనదే, కాని రెండు చోట్ల సవరణ అవసరం. ఈ జాతి పురుగుకు పెరిగిన తరువాతనే ఎనిమిది కాళ్ళు వస్తాయి. మనిషిని పట్టుకునే పిల్లదశలో ఆరే ఉంటాయి. పెరిగినవి నేలలో ఉండి ఇతర చిన్న పురుగుల గుడ్లను తింటాయి, మన జోలికి రావు. ఇక పొలంలో నల్లి అన్న పేరు ఎప్పుడూ శాస్త్రానికి లోబడే ఉందనుకోవడం కుదరదు. పత్తిని, బొప్పాయిని పట్టే తెల్లటి పిండినల్లి ఆరు కాళ్ళ కీటకం, ఎర్రనల్లితో దానికి చుట్టరికం లేదు. అదే విధంగా పేనుబంక పేను కాదు. పొలంలో కూడా పేర్లు పోలికను బట్టి, అలవాటును బట్టి నడిచాయి.

అసలు 'టైఫస్' అనే మాట వల్ల మరో గందరగోళం వచ్చింది, దాని గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు. కొన్ని వ్యాసాలలో ఈ జ్వరం పేల వల్ల వస్తుందని రాశారు. అది వేరే టైఫస్. యుద్ధాల్లో, జైళ్ళలో, కరువు శిబిరాల్లో లక్షల మందిని చంపిన ఆ జ్వరాన్ని మోసేది చీరపేను. ట్యూనిస్ నగరంలో చార్లెస్ నికోల్ అనే వైద్యుడు 1909లో ఆ సంగతి నిరూపించాడు. ఆసుపత్రి వాకిట్లో పడి ఉన్న రోగుల నుంచి జ్వరం అంటుకుంటోంది, స్నానం చేయించి బట్టలు మార్చి లోపలికి తెచ్చిన తరువాత వారి నుంచి ఎవరికీ అంటడం లేదు అని గమనించి, దోషం బట్టల్లో ఉందని పట్టుకున్నాడు. ఆయనకు 1928లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జ్వరాన్ని పరిశోధిస్తూ రికెట్స్, ప్రొవాజెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1910లో ఒకరు, 1915లో ఒకరు అదే జ్వరంతో మరణించారు. వారిద్దరి పేర్లనే ఆ సూక్ష్మజీవికి పెట్టారు. మన పిల్లల తలలో ఉండే పేను ఆ జ్వరాన్ని వ్యాపింపజేయదు. స్క్రబ్ టైఫస్‌ను పేల వ్యాధి అని రాస్తే బడిలో తల గోక్కునే ప్రతి ఆడపిల్లనూ అనుమానంగా చూస్తారు. ఇప్పటికే పేలు ఉన్నాయంటే ఆ పిల్లను పక్కన కూర్చోనివ్వని బళ్ళు ఉన్నాయి.

నిజానికి ఈ పురుగుకు తెలుగులో పేరున్న దగ్గరి బంధువు ఒకటి ఉంది. అది నల్లి కాదు, పేను కాదు, ఆరుద్ర పురుగు. ఆరుద్ర కార్తెలో తొలకరి వానలకు ఇసుక నేలల మీద మఖమలు ముద్దలా ఎర్రగా నడిచే ఆ పురుగు, ఈ జ్వరాన్ని మోసే పురుగు ఒకే శాఖకు చెందినవి. అయినా ఆ పేరును దీనికి కలపమని నేను అడగను. పిల్లలు అరచేతిలో పెట్టుకొని చూసే నిరపాయమైన ప్రాణిని రేపటి నుంచి రాళ్ళతో కొట్టి చంపుతారు.

వేరే భాషలో స్థిరపడిన 'చిగ్గర్' అన్న మాటనే తెచ్చుకుంటే దానికి మంచం, తల, పశువు అన్న పాత గుర్తులేవీ అంటుకొని ఉండవు. వైరస్‌ను, డెంగీని అలాగే తెచ్చుకున్నాము కదా!

గజపతినగరం వైపు ఆశా కార్యకర్త:

మేడమ్ గారూ, చిగ్గర్ అన్న మాట నేను ఇంటింటికీ తిరిగి చెప్పి చూశాను. నలుగురు ముసలమ్మలు కూర్చున్న అరుగు దగ్గర చెబితే అది వారికి 'షుగర్'గా వినిపించింది. షుగర్ ఉన్నవారికే ఈ జ్వరం వస్తుందా అని ఒకామె, షుగర్ మాత్రలు వేసుకుంటే తగ్గుతుందా అని మరొకామె అడిగారు. డెంగీ అన్న మాట వారి నోటికి వచ్చిందంటే ఏళ్ళ తరబడి వింటున్నారు కాబట్టి వచ్చింది. కొత్త మాట పాతబడే దాకా జ్వరం ఆగదు.

పేరు వల్ల ఏమవుతుందిలే అని డాక్టరు గారు అన్నారు. పేరు ఎంత పని చేస్తుందో నేను రోజూ చూస్తున్నాను. తల మీద రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడిపోతే మనవారు 'పేనుకొరుకుడు' అంటారు. ఆ రోగానికి పేనుతో సంబంధమే లేదు. మన ఒంట్లోని రక్షణ శక్తి పొరపాటున వెంట్రుక కుదుళ్ళ మీదికే తిరగబడడం వల్ల అది వస్తుందని మాకు శిక్షణలో చెప్పారు. కాని పేరులో పేను ఉంది, కొరుకుడు ఉంది. అందుకని ముందు తలంతా గొరిగిస్తారు, తరువాత గురివింద గింజ అరగదీసి పూస్తారు. గురివింద గింజ విషం. ఒక పదేళ్ళ గుంటడికి ఆ పూతతో నెత్తి పుండుపడి చీము కారుతుంటే నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను. పెద్దలు పెట్టిన పేరైనా తప్పు దారి చూపిస్తే ఇంత జరుగుతుంది.

అలాగే ఈపికి, చుండ్రుకు తేడా తెలియక చుండ్రు ఉన్న పిల్లలకు కూడా పేల మందు పోస్తారు. వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే చుండ్రు జారి వచ్చేస్తుంది, ఈపి జారదు, గోటితో గీకితేనే వస్తుంది. చెవుల వెనుక, మెడ పైన చూడాలి. ఇది తల్లులకు ఒకసారి చేసి చూపించాను, మళ్ళీ అడగలేదు. మాకు పేరు కావాలి, దానితోపాటు చూపించడానికి వీలైన గుర్తు కూడా కావాలి. తుప్ప అన్న మాట మా ఊళ్ళలో చంటిపిల్లకు కూడా తెలుసు. నా ఓటు టీచరు గారికే.

విజయనగరం విశ్రాంత మలేరియా ఉద్యోగి:

కాపురాన్ని బట్టి పేరు పెట్టడంలో కూడా ఒక ప్రమాదం ఉంది, దాన్ని నా ఉద్యోగం పొడుగునా అనుభవించాను. మలేరియాను మన జిల్లాల్లో 'మన్యం జ్వరం' అనేవారు. కొండ గెడ్డల్లో పెరిగే దోమ వల్ల ఏజెన్సీలో ఆ జ్వరం ఎక్కువ కాబట్టి ఆ పేరు పుట్టింది. 1897లోనే సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అయినా దశాబ్దాల తరువాత కూడా మైదానంలోని వారు "మాకు మన్యం జ్వరం ఎందుకొస్తుంది, మేము కొండెక్కలేదు కదా" అని రక్తపు పూత ఇవ్వడానికి నిరాకరించేవారు. చలి జ్వరంతో వణుకుతూనే ఆ మాట అన్నవారిని చూశాను. కొండ మీది గిరిజనులను జ్వరం మోసుకొచ్చేవారిగా చూసే అలవాటుకు కూడా ఆ పేరు తోడ్పడింది.

తుప్పపురుగు అంటే రేపు పట్టణంలో వారు "మాకు తుప్పలెక్కడివి" అంటారు. ఈ పురుగు ఎలుకల మీద ఉంటుంది, ఎలుక తిరిగే చోటల్లా రాలుతుంది. ఇంటి వెనుక పెరిగిన గడ్డి, ఖాళీ స్థలంలో చెత్త, కట్టెల మోపు, బడి ప్రహరీ పక్కన కలుపు, ఇవి చాలు.

లక్షణాన్ని బట్టి పేరు పెట్టడం కూడా పూర్తిగా క్షేమం కాదని డాక్టరు గారికి మనవి. ఫైలేరియాకు మనం 'బోదకాలు' అన్నాము. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ జబ్బు ఎంతమందిని పట్టిందో అందరికీ తెలుసు. కాని అదే క్రిమి మగవారిలో వరిబీజం కూడా కలిగిస్తుంది. కాలు వాయలేదు కాబట్టి తమది బోదకాలు జబ్బు కాదని వారు అనుకొని, మాత్రలు మింగే రోజున ఇంట్లో ఉండేవారు కారు. నల్లపెచ్చు జ్వరం అంటే పెచ్చు లేనివారు కూడా అలాగే ఇంట్లో ఉండిపోతారు. ఆ పెచ్చు అందరికీ రాదని మీరే రాశారు.

శ్రీకాకుళం తెలుగు టీచర్:

మలేరియా విభాగంలో పనిచేసిన పెద్దలు చెప్పిన మన్యం జ్వరం సంగతి బలమైనది. దానికి నా సమాధానం, మన్యం వేరు, తుప్ప వేరు. మన్యం అంటే ఒక ప్రాంతం, అక్కడ ఒక జనం ఉన్నారు, కాబట్టి ఆ పేరు ఆ జనం మీద పడింది. తుప్ప ఒక ప్రాంతం కాదు. మన ఉత్తరాంధ్ర మాటలో తుప్ప అంటే కొండ మీది పొదే కానక్కరలేదు. పెరట్లో తుప్ప ఉంటుంది, గోర్జలో తుప్ప ఉంటుంది, శ్మశానం దారిలో ఉంటుంది, పట్టణంలో ఇల్లు కట్టకుండా వదిలేసిన స్థలంలో ఉంటుంది. "ఆ స్థలం తుప్పలు మొలిచిపోయింది" అని విజయనగరం కోట చుట్టుపక్కల కాపురమున్నవారు కూడా అంటారు. ఏ ఊరివారూ ఇది మా మాట కాదు అనలేని మాట అది.

రైతుగారి వాదనలో నాకు నచ్చిన అంశం ఒకటుంది. నల్లి అన్న మాటకు ముందు ఏదో ఒకటి చేరినప్పుడు మంచం మరుగున పడిపోతోంది. కంకినల్లి అన్నప్పుడు ఎవరూ మంచం వైపు చూడరు, ఎందుకంటే కంకి అన్న మాట ముందే దారి చూపిస్తుంది. కాబట్టి ఇబ్బంది నల్లి అన్న మాట వల్ల రాలేదు, దాన్ని ఒంటరిగా వదిలి, 'పోలిన' అన్న చేతకాని మాటను తగిలించడం వల్ల వచ్చింది. 'నల్లిని పోలిన పురుగు' అంటే నల్లి రూపం తెలిసినవారికి బియ్యపు గింజంత గోధుమరంగు పురుగు కళ్ళకు కడుతుంది. డాక్టరు గారు చెప్పిన కొలత ప్రకారం ఇది దానిలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. రూపం కలవదు, చోటు కలవదు, రక్తం తాగే గుణం కూడా కలవదు. ఇక పోలిక దేనిలో?

గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన జిల్లా ఇది. పండితులు కూర్చి పెట్టిన మాటకూ, జనం నోట నలిగిన మాటకూ మధ్య ఎంచుకోవలసి వస్తే ఆయన ఎటు నిలబడ్డారో మనకు తెలుసు. సవర భాష నేర్చుకోవడానికి సవరల మధ్యకే వెళ్ళిన మనిషి ఆయన. ఆరోగ్య కరపత్రం రాసేవారు కూడా అచ్చుకు పంపే ముందు గడ్డి కోసే ఒక మనిషికి చదివి వినిపించి, "ఇది విని నువ్వు ఏం చేస్తావమ్మా" అని అడిగితే చాలు. నా పక్కింటావిడను అడిగి ఉంటే "మంచం ఎండలో వేస్తాను" అని చెప్పేది. ఆ ఒక్క జవాబుతో వాక్యం మారిపోయేది.

ఇచ్ఛాపురం వాస్తవ్యుడు:

సరిహద్దు ఊళ్ళలోని మా ఇబ్బంది కూడా లెక్కలోకి తీసుకోవాలి. మా ఇళ్ళలో సగం మంది ఒడియా మాట్లాడతారు, పేనును 'ఉకుణి' అంటారు. తెలుగు కరపత్రంలోని నల్లిని ఇంట్లో ఎవరో ఒకరు ఒడియాలో చెప్పవలసి వస్తుంది, అప్పుడు అది మంచం పురుగు పేరుగానే మారుతుంది. కంకినల్లి, ఎర్రనల్లి అన్న పొలం వాడుక ఆ మార్పులో జారిపోతుంది. తుప్ప అన్న మాటను మాత్రం చెయ్యెత్తి చూపించి చెప్పవచ్చు. పేరుకు పక్కన బొమ్మ వేయాలి, పురుగు బొమ్మ కాదు. కంటికి ఆననంత చిన్న పురుగును పెద్దది చేసి వేస్తే దాన్ని సాలెపురుగు అనుకుంటారు. గడ్డి కోసే మనిషి, కాళ్ళకు బూట్లు, పొడుగు చేతుల చొక్కా, ఇంటికి రాగానే స్నానం, విప్పిన బట్టలు వేడినీళ్ళలో వేయడం, ఈ బొమ్మలు వేయాలి.

విజయనగరం జిల్లా పల్లె వైద్యుడు:

బోదకాలు, వరిబీజం పోలిక న్యాయమైనది. పెచ్చును జ్వరం పేరులో పెట్టాలన్న పట్టు నాకు లేదు. పెచ్చు కోసం వెతకమన్న మాట మాత్రం కరపత్రంలో ఉండి తీరాలి, దానిని ఎక్కడెక్కడ వెతకాలో సిగ్గుపడకుండా రాయాలి. "శరీరంపై మచ్చ" అని మర్యాదగా రాస్తే చేతులు, ముఖం చూసుకొని ఏమీ లేదంటారు. చంక, గజ్జ, రొమ్ము కింద అని పేరు పెట్టి రాయాలి. ఆశా కార్యకర్తలు ఆడవారికి ఆ మాట చెప్పగలరు, మగవారికి మేము చెబుతాము. పేరు విషయంలో 'తుప్పపురుగు', 'తుప్పనల్లి', 'తుప్పపేను' అన్న మూడింటిలో ఏది అంటారో తేల్చి చెప్పండి, మా గోడ మీద అదే రాయిస్తాను.

ఉద్దానం కొబ్బరి రైతు:

తుప్పనల్లి అంటే నాకు సమ్మతమే. కంకినల్లి పక్కన, ఎర్రనల్లి పక్కన అది ఇమిడిపోతుంది, మా రైతులు రెండోసారి అడగరు. మంచం ఎండలో వేసే పని కూడా తప్పుతుంది. తుప్పపురుగు అంటే గొంగళి మొదలుకొని జెర్రి దాకా అన్నీ అందులోకే వస్తాయి, ఏ పురుగు కుట్టినా ఆసుపత్రికి పరిగెత్తుతారు. అది మరీ చెడ్డదేమీ కాదు గాని, పేరుగా నిలవదు.

తుప్పపేను అనడాన్ని మాత్రం గట్టిగా వ్యతిరేకిస్తాను. పేను పుట్టుక, పెరుగుదల, చావు అన్నీ మనిషి మీదనే. ఈపి పెట్టేదీ మన వెంట్రుకకే, తలను వదిలితే రెండు రోజులకు మించి బతకదు. ఈ పురుగు గుడ్లు పెట్టేది నేలలో, పెరిగేది నేలలో, మనిషిని పట్టుకునేది జీవితంలో ఒక్కసారి, అదీ దారి తప్పి. ఎలుక దొరికితే మన దగ్గరకు రాదు. పేను అన్నామంటే మళ్ళీ దువ్వెనలు, తల మందులు, బడిపిల్లల తలలు వెతకడం మొదలవుతుంది. అధ్యాపకురాలు గారు భయపడినదే జరుగుతుంది. గోడ మీద తుప్పనల్లి అని రాయించండి డాక్టరు గారూ, దాని కింద ఎలుక బొక్కలు పూడ్చమని కూడా ఒక వరుస రాయించండి.